ప్రచ్ఛన్న యుద్ధం: భయం ఎవరిది, నెత్తురు ఎవరిది?

1945 మే తొలి రోజుల్లో బెర్లిన్‌లో సోవియట్ జెండా ఎగిరినప్పుడు అమెరికా, సోవియట్ యూనియన్ ఒకే పక్షాన పోరాడిన మిత్రులు. నాలుగేళ్లు తిరిగేసరికి అమెరికా నాటో కూటమికి నాయకురాలైంది. సోవియట్ యూనియన్ తన తొలి అణుబాంబు పేల్చింది. అక్కడి నుంచి నలభై ఏళ్లకు పైగా ప్రపంచంలో ఏ మూల ప్రభుత్వం మారినా, ఏ వలసకు స్వాతంత్ర్యం వచ్చినా వాషింగ్టన్, మాస్కో లెక్కలు వేసుకుంటూనే ఉన్నాయి. 1991 డిసెంబరు 25 రాత్రి క్రెమ్లిన్ మీద నుంచి ఎర్రజెండా దిగడంతో ఆ పోటీ ముగిసింది.

పోటీ ముగిసినా దాని మీద వాదాలు ముగియలేదు. చరిత్రకారులు ప్రధానంగా మూడు ప్రశ్నల చుట్టూ తిరిగారు. దీన్ని ఎవరు మొదలుపెట్టారు? అణుయుద్ధం ఎందుకు రాలేదు? చివరికి ఎవరు గెలిచారు? ఈ మూడింటితో పాటు అడగవలసిన నాలుగో ప్రశ్న ఒకటుంది: దీని ఖరీదు ఎవరు చెల్లించారు? ఈ ప్రశ్నను పక్కన పెట్టి చదివితే ప్రచ్ఛన్న యుద్ధం ఇద్దరు బలవంతుల చదరంగంలా కనిపిస్తుంది. దీన్ని ముందు పెట్టుకుని చదివితే మిగతా మూడింటి జవాబులు కూడా మారిపోతాయి.

ఎవరు మొదలుపెట్టారు?

తొలి తరం పాశ్చాత్య చరిత్రకారులు నేరం స్టాలిన్ మీద మోపారు. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో పోలండ్‌కు స్వేచ్ఛాయుత ఎన్నికలు జరుపుతానని ఒప్పుకుని, తర్వాత తూర్పు యూరప్ మొత్తాన్ని గుప్పిట పెట్టుకున్నాడన్నది వారి వాదం. 1959లో విలియమ్ ఆపిల్‌మన్ విలియమ్స్ దీన్ని తిరగేశాడు. ప్రపంచ మార్కెట్లన్నీ తన సరుకుకు తెరిచి ఉండాలన్న అమెరికా పట్టుదలే అసలు కారణమన్నాడు. 1965లో గార్ ఆల్పెరోవిట్జ్ ఇంకో అడుగు ముందుకు వేసి, హిరోషిమా మీద బాంబు వేయడంలో మాస్కోను బెదిరించే ఉద్దేశం కూడా ఉందని వాదించాడు. వియత్నాం యుద్ధకాలపు అమెరికన్ విద్యార్థులకు ఈ వాదం బాగా చేరువైంది. 1972లో జాన్ లూయిస్ గాడిస్ ఏ ఒక్కరి మీదా నింద పెట్టకుండా, రెండు వైపులా ఉన్న ఒత్తిళ్లను తూచే ప్రయత్నం చేశాడు. 1990ల్లో సోవియట్ దస్తావేజులు కొన్ని వెలుగు చూశాక అదే గాడిస్ స్టాలిన్ బాధ్యతే ఎక్కువన్న నిర్ణయానికి వచ్చాడు.

ఈ వాదాలన్నీ చదివాక నాకు ఎక్కువ చెప్పేవి 1946 నాటి రెండు నివేదికలు. ఫిబ్రవరిలో మాస్కోలోని అమెరికా దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ వాషింగ్టన్‌కు సుదీర్ఘమైన టెలిగ్రాం పంపాడు. సోవియట్ నాయకత్వం బయటి ప్రపంచాన్ని శత్రువుగానే చూస్తుందనీ, దాన్ని ఓపికగా, గట్టిగా నిలువరించాలనీ దాని సారం. సెప్టెంబరులో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి నికొలాయ్ నోవికోవ్ మాస్కోకు నివేదిక రాశాడు. అమెరికా ప్రపంచాధిపత్యం కోరుతోందనీ, దూర దేశాల్లో సైనిక స్థావరాలు అందుకేననీ దాని సారం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. తాము చేసే ప్రతి పనికీ కారణం ఆత్మరక్షణ, ఎదుటివాళ్లు చేసే ప్రతి పనికీ కారణం దురాశ. రెండు రాజధానులకూ చేరిన కబురు ఒక్కటే.

ఈ భయాలు ఊరికే పుట్టలేదు. సోవియట్ యూనియన్ యుద్ధంలో సుమారు 2 కోట్ల 70 లక్షల మందిని పోగొట్టుకుంది. ముప్ఫై ఏళ్లలో రెండుసార్లు జర్మన్ సైన్యం పడమటి మైదానాల మీదుగా లోపలికి చొచ్చుకొచ్చింది. ఆ దారిలో తనకు నమ్మకమైన రాజ్యాలే ఉండాలని మాస్కో పట్టుబట్టడంలో ఆశ్చర్యం లేదు. అమెరికా నాలుగు లక్షల మందికి పైగా సైనికుల్ని పోగొట్టుకున్నా, దాని ప్రధాన భూభాగంలో కర్మాగారాలు చెక్కుచెదరలేదు. ప్రపంచ పారిశ్రామిక ఉత్పత్తిలో దాదాపు సగం దానిదే. కానీ 1930ల ఆర్థిక మాంద్యం, హిట్లర్‌కు లొంగి చేసుకున్న మ్యూనిక్ ఒప్పందం దాని నాయకుల మనసుల్లో ముద్రపడిపోయాయి. ఆకలి కమ్యూనిజాన్ని పెంచుతుందనీ, నియంతకు ఒక అడుగు ఇస్తే పది అడుగులు వేస్తాడనీ వాళ్లు నమ్మారు.

ఆ తర్వాత ప్రతి ఆత్మరక్షణ చర్యా అవతలివాళ్లకు దాడిగా కనిపించింది. 1947 మార్చిలో గ్రీస్, టర్కీలకు 40 కోట్ల డాలర్ల సాయం కోరుతూ ట్రూమన్ తన సిద్ధాంతం ప్రకటించాడు. జూన్‌లో వచ్చిన మార్షల్ ప్లాన్ కింద పశ్చిమ యూరప్‌కు మొత్తం సుమారు 1300 కోట్ల డాలర్లు అందాయి. చేరడానికి మొదట ఒప్పుకున్న చెకోస్లోవేకియా మాస్కో ఒత్తిడితో వెనక్కి తగ్గింది. 1948 ఫిబ్రవరిలో అక్కడ కమ్యూనిస్టులు పూర్తి అధికారం చేజిక్కించుకున్నారు. జూన్‌లో పశ్చిమ జర్మనీ ప్రాంతాల్లో కొత్త కరెన్సీ రాగానే స్టాలిన్ పశ్చిమ బెర్లిన్‌కు దారులు మూసేశాడు. అమెరికా, బ్రిటన్ విమానాలు దాదాపు ఏడాదిపాటు బొగ్గు, పిండి మోసి ఆ నగరాన్ని బతికించాయి. 1949 ఏప్రిల్‌లో నాటో పుట్టింది.

భయం రెండు వైపులా ఉందంటే బాధ్యత సమానమని కాదు. మార్షల్ సాయం తీసుకున్న దేశాల్లో ఎక్కువ భాగం ఎన్నికల్లో తమ ప్రభుత్వాల్ని దించగలిగాయి. పోలండ్, హంగరీ ప్రజలకు ఆ వీలు లేకుండా పోయింది. 1956లో బుడాపెస్ట్ వీధుల్లోకి, 1968లో ప్రాగ్ వీధుల్లోకి వచ్చినవి సోవియట్ ట్యాంకులు. యూరప్ వరకు చూస్తే ఎవరి శిబిరంలో ఊపిరాడిందో సందేహం లేదు. యూరప్ దాటి చూస్తే మాత్రం లెక్క ఇంత సులభంగా తేలదు.

అణుబాంబు శాంతి తెచ్చిందా?

రెండు అగ్రరాజ్యాలూ నేరుగా తలపడకపోవడానికి అణ్వాయుధాలే కారణమన్న వాదం బలమైనది. దాడి చేసినవాడు కూడా బతికి బట్టకట్టలేడని తెలిసినప్పుడు ఎవరూ ముందుకు దూకరని దాని సారాంశం. 1945 తర్వాత యూరప్‌లో పెద్ద రాజ్యాల మధ్య యుద్ధం రాకపోవడం దానికి రుజువుగా చూపిస్తారు. ఇందులో కొంత నిజముంది. కానీ అంతా ఇదే అనుకుంటే 1962 అక్టోబరు మన మీద ఎంత దగ్గరగా గురిపెట్టిందో మరిచిపోయినట్టే.

1961 ఏప్రిల్‌లో అమెరికా శిక్షణతో వచ్చిన క్యూబా ప్రవాసుల దాడి బే ఆఫ్ పిగ్స్ తీరంలో విఫలమైంది. మళ్లీ దాడి జరుగుతుందని కాస్ట్రో భయం. టర్కీలో మోహరించిన అమెరికా జూపిటర్ క్షిపణులు సోవియట్ నేత క్రుశ్చేవ్ కంట్లో నలుసు. ఆయన రహస్యంగా క్యూబాకు క్షిపణులు పంపాడు. పదమూడు రోజుల ఉద్రిక్తత తర్వాత క్షిపణులు వెనక్కి వెళ్లాయి. క్యూబా మీద దాడి చేయనని కెనెడీ బహిరంగంగా, టర్కీ క్షిపణులు తీసేస్తానని రహస్యంగా మాటిచ్చాడు.

అసలు ప్రమాదం ఎంతటిదో చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అక్టోబరు 27న అమెరికా యుద్ధనౌకలు సోవియట్ జలాంతర్గామి బి-59ని పైకి రప్పించడానికి నీటిలో పేలుళ్లు జరిపాయి. దానిలో అణు టార్పెడో ఉందని వాళ్లకు తెలియదు. యుద్ధం మొదలైపోయిందనుకున్న కెప్టెన్ దాన్ని సిద్ధం చేయమన్నాడు. వాసిలీ అర్ఖిపోవ్ అనే అధికారి ఒప్పుకోలేదు. క్యూబా గడ్డ మీద తక్కువ దూరం వెళ్లే అణ్వాయుధాలు అప్పటికే ఉన్నాయన్న సంగతి ఆనాటి అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా 1992లో హవానాలో జరిగిన సదస్సులో విని నివ్వెరపోయాడు. అమెరికా సేనలు దిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

1983 సెప్టెంబరు 26న మరో గండం. అమెరికా క్షిపణులు బయలుదేరాయని సోవియట్ ఉపగ్రహ హెచ్చరిక వ్యవస్థ మోగింది. విధుల్లో ఉన్న స్తనిస్లావ్ పెత్రోవ్ అది పొరపాటు సంకేతమని తన విచక్షణతో తేల్చాడు. ఆయన అంచనా నిజమైంది. సిద్ధాంతం ప్రకారం ఆయుధాలు కాపాడాయంటారు. ఆ రెండు సందర్భాల్లోనూ నిజంగా కాపాడింది ఆయుధాన్ని వాడడానికి వెనుకాడిన మనిషి. 1980ల మధ్యకు ప్రపంచంలో అణ్వస్త్రాలు 60 వేలు దాటాయి. ఇన్ని ఆయుధాల మధ్య మనం మిగిలామంటే అందులో అదృష్టం వాటా చాలా పెద్దది. దాన్ని వ్యూహమని పిలవడం ప్రమాదకరం.

ఖరీదు చెల్లించినవాళ్లు

ఎద్దులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయంటారు. యూరప్ ఎముకలు కొరికే చలిలో శాంతిగా ఉన్న కాలంలోనే ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా మండిపోయాయి.

కొరియాతో మొదలు. 1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు దక్షిణానికి దిగాయి. ఇది ఎవరి నిర్ణయమన్న వాదన నలభై ఏళ్లు సాగింది. 1994లో రష్యా ప్రభుత్వం దక్షిణ కొరియాకు అందజేసిన పత్రాలతో చిత్రం స్పష్టమైంది. పదేపదే అనుమతి కోరినవాడు కిమ్ ఇల్ సంగ్. 1950 తొలి నెలల్లో పచ్చజెండా ఊపినవాడు స్టాలిన్. మూడేళ్లలో ఇరవై లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. సరిహద్దు మాత్రం దాదాపు మొదలైన చోటే ఆగింది. 1953 నాటి కాల్పుల విరమణ తర్వాత శాంతి ఒప్పందం ఈనాటికీ లేదు.

ఇరాన్‌లో చమురును జాతీయం చేసిన ప్రధాని మొసాదెగ్‌ను 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచార సంస్థల సాయంతో కూలదోశారు. మరుసటి ఏడాది గ్వాటెమాలాలో భూసంస్కరణలు తెచ్చిన అర్బెంజ్ వంతు. 1961 జనవరిలో కాంగో నాయకుడు లుముంబాను బెల్జియం అధికారుల ప్రమేయంతో చంపారు. 1965, 66 సంవత్సరాల్లో ఇండొనేషియాలో కమ్యూనిస్టులన్న ముద్రతో ఐదు లక్షల మందికి తక్కువ కాకుండా ఊచకోతకు గురయ్యారు. అమెరికా ప్రభుత్వానికి సంగతి తెలుసు, సైన్యానికి మద్దతుగా నిలిచింది. 1973 సెప్టెంబరు 11న చిలీలో ఎన్నికైన అయెందే ప్రభుత్వం సైనిక కుట్రలో కూలింది. అధికారికంగా తటస్థంగా ఉన్న లావోస్ మీద 1964 నుంచి 1973 దాకా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు పడ్డాయి. పేలకుండా మిగిలినవి ఇప్పటికీ పొలాల్లో రైతుల్ని, పిల్లల్ని బలి తీసుకుంటున్నాయి.

సోవియట్ పక్షం చేతులకూ నెత్తురు అంటింది. 1979 డిసెంబరులో అఫ్గానిస్థాన్‌లో ప్రవేశించిన సోవియట్ సేనలు 1989 ఫిబ్రవరిలో వెనుదిరిగే నాటికి పది లక్షల దాకా అఫ్గాన్లు చనిపోయారని అంచనా. దేశం వదిలి పోయినవారు లక్షలాది. ఇథియోపియాలో మెంగిస్తు నియంతృత్వాన్ని మాస్కో ఆయుధాలతో నిలబెట్టింది.

శిబిరాల తర్కం ఎంత నీతిమాలినదో చెప్పడానికి కంబోడియా ఒక్కటి చాలు. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ పాలనలో పదిహేను లక్షల మందికి పైగా చనిపోయారు. వియత్నాం సైన్యం వచ్చి ఆ పాలనను కూల్చింది. కానీ వియత్నాం మాస్కో మిత్రదేశం. అందుకని చైనా, అమెరికా కలిసి ఐక్యరాజ్యసమితిలో కంబోడియా స్థానం ఖ్మేర్ రూజ్ ప్రతినిధుల చేతుల్లోనే ఉంచాయి. కమ్యూనిజాన్ని నిలువరించే దేశమూ, కమ్యూనిస్టు దేశమూ కలిసి చేసిన పని అది.

అయితే చిన్న దేశాలన్నీ తోలుబొమ్మలని అనుకుంటే వాటికి అన్యాయం చేసినట్టు. చరిత్రకారుడు ఓడ్ ఆర్నె వెస్టాడ్ 2005లో వెలువరించిన పుస్తకంతో ఈ దృష్టి మారింది. రెండు అగ్రరాజ్యాలూ కొత్తగా స్వతంత్రమైన దేశాలకు రెండు రకాల అభివృద్ధి మార్గాలు అమ్మజూపాయనీ, స్థానిక నాయకులు తమ అవసరాల కొద్దీ వాటిని వాడుకున్నారనీ ఆయన చూపించాడు. యుగోస్లావియా నేత టిటో 1948లోనే స్టాలిన్‌ను ధిక్కరించాడు. 1975లో అంగోలాకు సేనలు పంపాలన్న నిర్ణయం కాస్ట్రో సొంతంగా తీసుకున్నాడు. 1969లో చైనా, సోవియట్ సేనలు ఉస్సూరి నది మీద కాల్పులు జరుపుకున్నాయి. 1972లో నిక్సన్ బీజింగ్‌లో మావోతో కరచాలనం చేశాడు.

భారత్ దారి, తెలుగు నేల అనుభవం

1955 బాండుంగ్ సదస్సుకు 29 దేశాలు వచ్చాయి. 1961లో బెల్‌గ్రేడ్‌లో అలీనోద్యమం రూపు దిద్దుకుంది. అలీనతను గోడ మీద పిల్లివాటమని ఎద్దేవా చేసినవాళ్లు రెండు శిబిరాల్లోనూ ఉన్నారు. కానీ ఒకవైపు సోవియట్ సాయంతో భిలాయ్ ఉక్కు, మరోవైపు పీఎల్-480 కింద అమెరికా గోధుమ తెచ్చుకోగలిగిన పేద దేశానికి ఆ విధానం ఇచ్చినంత వెసులుబాటు మరేదీ ఇచ్చేది కాదు. 1962లో చైనా దాడి చేసినప్పుడు నెహ్రూ అమెరికా ఆయుధ సాయం తీసుకున్నాడు. 1971 ఆగస్టులో ఇందిరా గాంధీ మాస్కోతో మైత్రీ ఒప్పందం చేసుకుంది. అలీనత ఒంటరితనం కాదని ఈ రెండూ చెబుతాయి.

తెలుగు నేల ఈ పోటీని నేరుగా చవిచూసింది. తెలంగాణ సాయుధ పోరాటం దెబ్బలు తింటున్న 1951 ఆరంభంలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. భారత్ పరిస్థితి చైనా పరిస్థితి లాంటిది కాదని ఆయన చెప్పాడు. అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వచ్చింది. 1955 ఆంధ్ర ఎన్నికలకు ముందు మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ రాసింది. కాంగ్రెస్ దాన్ని ఊరూరా ప్రచారానికి వాడుకుంది. 196 స్థానాల సభలో కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కాయి. ఓటమికి కారణాలు ఎన్నో ఉన్నా, ఇక్కడి కార్యకర్తల త్యాగం కంటే మాస్కోకు దిల్లీ స్నేహం ముఖ్యమైందని ఆ ఒక్క సంపాదకీయం చూపించింది.

ఇదే పోటీ మనకు వేరే దారిలో మేలు కూడా చేసింది. సోవియట్ సాంకేతిక సహకారంతో హైదరాబాద్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం వచ్చింది. అక్కడ పని నేర్చుకున్నవారిలో డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు అంజిరెడ్డి ఒకరు. మాస్కో ప్రచురణాలయాలు తెలుగులో అచ్చువేసి పంపిన చవక పుస్తకాలు, విశాలాంధ్ర దుకాణాల మీదుగా మధ్యతరగతి ఇళ్లకు చేరి, రెండు తరాలకు టాల్‌స్టాయ్‌ని, గోర్కీని పరిచయం చేశాయి.

విశాఖ తీరంలో ఈ చరిత్ర అంతా ఒకచోట కనిపిస్తుంది. 1971 భారత్-పాకిస్థాన్ యుద్ధంలో, డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి అక్కడి సముద్రంలో మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ అమెరికాలో తయారై, అమెరికా నుంచే పాకిస్థాన్‌కు చేరింది. రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురా సోవియట్ నిర్మితం. ఆ నెలలోనే అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతం వైపు కదిలింది, దాన్ని వెంబడించడానికి సోవియట్ నౌకలు బయలుదేరాయి. ఆ ఒక్క యుద్ధంలో తూర్పు బెంగాల్ ప్రజల కష్టం నిక్సన్ లెక్కలో చైనా స్నేహం కంటే తేలికైపోయింది.

ఎవరు గెలిచారు?

రేగన్ ఆయుధ పోటీని పెంచి సోవియట్ నడ్డి విరిచాడని అమెరికాలో విస్తృతంగా నమ్ముతారు. ఆర్థిక కారణాలు ముఖ్యమనేవారు 1986లో పడిపోయిన చమురు ధరను, జాతీయోత్పత్తిలో అమెరికా కంటే రెట్టింపుకు మించిన వాటా మింగేసిన సోవియట్ సైనిక వ్యయాన్ని చూపిస్తారు. చెర్నోబిల్ ప్రమాదం ఆ వ్యవస్థ గోప్యత ఎంత ప్రాణాంతకమో బయటపెట్టింది. వీటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ దివాళా తీసిన సామ్రాజ్యాలు రక్తపాతం లేకుండా తప్పుకున్న సందర్భాలు చరిత్రలో అరుదు. 1989లో తూర్పు యూరప్‌కు ట్యాంకులు పంపకూడదని గోర్బచేవ్ నిర్ణయించుకోవడమే అసలు మలుపు. ఆ నిర్ణయాన్ని నిజమైన మార్పుగా మలిచింది పోలండ్‌లో 1980 నుంచి దెబ్బలు తింటూ నిలబడిన సాలిడారిటీ కార్మికులు, నవంబరు 9న బెర్లిన్ గోడ దగ్గర గుమిగూడిన సామాన్యులు.

రేగన్ గురించి మరో సంగతి తక్కువ మంది చెబుతారు. సోవియట్ నాయకులు అమెరికా తమ మీద దాడి చేస్తుందేమోనని నిజంగానే భయపడుతున్నారని గ్రహించి ఆశ్చర్యపోయానని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. కెన్నన్, నోవికోవ్ నివేదికల నాటి నుంచి ఎవరికీ పట్టని సంగతి అది. ఆ గ్రహింపు తర్వాతే జెనీవా, రెయిక్యావిక్ సమావేశాలు జరిగాయి. 1987 డిసెంబరులో కుదిరిన ఐఎన్ఎఫ్ (మధ్యశ్రేణి అణు క్షిపణుల) ఒప్పందం కింద 2,692 క్షిపణుల్ని విరగ్గొట్టారు. శత్రువు భయాన్ని అర్థం చేసుకోవడం బలహీనత కాదని ఆ అంకె చెబుతుంది.

పోటీ నడుమ సహకారం కూడా సాధ్యమేనని మశూచి నిర్మూలన నిరూపించింది. 1958లో ప్రతిపాదన తెచ్చింది సోవియట్ వైద్యుడు విక్టర్ జ్దానోవ్. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమాన్ని నడిపించింది అమెరికన్ డాక్టర్ డి.ఎ. హెండర్సన్. టీకాలు కోట్లలో సోవియట్ యూనియన్ నుంచి వచ్చాయి. 1980లో ఆ మహమ్మారి భూమి మీద లేదని ప్రకటించారు. ఆయుధాల మీద పోసిన డబ్బులో చిన్న భాగం ఇలా మళ్లినా ఎన్ని జబ్బులు పోయేవో!

కాబట్టి గెలుపు ప్రశ్నకు నా జవాబు ఇది. యూరప్‌లో గెలిచింది స్వేచ్ఛ కోరిన ప్రజలు. మార్కెట్ వ్యవస్థ కేంద్రీకృత ప్రణాళిక కంటే ఎక్కువ కాలం నిలిచింది. కానీ కొరియాలో, అంగోలాలో, అఫ్గానిస్థాన్‌లో విజేతలెవరూ లేరు. అంగోలా అంతర్యుద్ధం 2002 దాకా ఆగలేదు. అఫ్గాన్ యుద్ధంలో సోవియట్ సేనల మీదికి పోగేసిన ఆయుధాలు, ముఠాలు తర్వాత ఆ దేశాన్నే చీల్చాయి. ఒక దేశం గెలిచిందని చెప్పే ముందు ఈ పేర్లన్నీ లెక్కలో చేర్చాలి.

అమెరికా 2002లో క్షిపణి నిరోధక ఒప్పందం నుంచి తప్పుకుంది. 2019లో ఐఎన్ఎఫ్ కూడా పోయింది. ఇప్పుడు అమెరికా, చైనాల మధ్య కొత్త ప్రచ్ఛన్న యుద్ధం వస్తోందని పత్రికలు తేలిగ్గా రాసేస్తున్నాయి. ఆ మాట వాడేవాళ్లు పాత యుద్ధం చల్లగా గడిచిందన్న భ్రమ వదులుకోవాలి. అగ్రరాజ్యాల మధ్య ఒప్పందాలు చిరిగిపోతే తొలి దెబ్బ పడేది వాటి రాజధానుల మీద కాదు, మనలాంటి దేశాల మీద. అందుకే ఏ శిబిరం వైపు నిలబడాలో తేల్చుకునే ముందు, రెండు శిబిరాలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే పనికి భారత్ మళ్లీ పూనుకోవాలి. అలీనత ముసుగు వేసుకున్న మౌనం మనకు పనికిరాదు. అణు ఒప్పందాల పునరుద్ధరణ కోసం గట్టిగా గొంతెత్తే అలీనతే కావాలి.